వడ్లు ఆరబెట్టడానికి రోడ్డే దిక్కా?

వానాకాలం కోతలు మొదలైతే చాలు, మా కరీంనగర్ వైపు సగం రోడ్డు వడ్లదే. చుట్టూ అడ్డంగా రాళ్లు. చీకట్లో అవి కనిపించక బైకులు పడితే "రైతుల నిర్లక్ష్యం" అంటారు. ఆరబెట్టుకోవడానికి ఇంకో జాగా చూపించి, అప్పుడు తిట్టండి సార్.

ఒకప్పుడు కోసిన వరి పొలంలోనే ఎండేది, నూర్పిడి ఆ తర్వాతే. ఇప్పుడు హార్వెస్టర్ పొద్దున దిగితే మధ్యాహ్నానికల్లా వడ్లు ట్రాక్టర్‌లో ఉంటాయి, ఒక్కోసారి 24, 25 శాతం తేమతో. కొనుగోలు సెంటర్‌లో నిబంధన 17 శాతం. అంటే 100 క్వింటాళ్ల వడ్లలోంచి 8 క్వింటాళ్లకు పైగా నీళ్లు పోవాలి! నవంబర్ ఎండ ఎంత, పొద్దున కురిసే మంచు ఎంత? పగలంతా కాళ్లతో తిరగేయాలి, సాయంత్రం కుప్ప చేసి పట్టా కప్పాలి. మబ్బు పడితే టెన్షన్. తడిసిందా, కుప్ప అడుగున మొలకలే. అప్పుడు తరుగు పేరుతో కోత కూడా రైతుకే.

అవే వడ్లు ఉప్పుడు బియ్యం మిల్లుకు చేరితే మాత్రం మర్యాదే వేరు. అక్కడ బాయిలర్ ఉంటుంది, డ్రయ్యర్ ఉంటుంది, మండించడానికి ఊక ఉంటుంది. ఆ ఊక ఎక్కడిది? క్వింటా వడ్లు ఆడిస్తే 20 కిలోల దాకా వచ్చేది అదే. నేను వేసుకున్న లెక్క ప్రకారం అందులో ఐదారు కిలోలు మండిస్తే ఆ క్వింటా 17 శాతానికి దిగుతుంది. వేడి మిల్లరుకు, పట్టా రైతుకు. ఇదేం పంపకం?

సెంటర్‌కో ఊక పొయ్యి, డ్రయ్యర్ పెట్టమనే నా గోల. అలాగని ఏదో ఒకటి కొని పడేయొద్దు. పొగ నేరుగా గింజకు తగిలితే మసి, వాసన. మంట గొట్టాల లోపల ఉండాలి, ఫ్యాన్ తోసే గాలి ఆ గొట్టాల బయటి వైపు తగిలి వేడెక్కి వడ్లలోకి పోవాలి. ఒకేసారి మాడ్చేస్తే గింజ లోపల పగులుతుంది, మరలో పడ్డాక సగం నూకే. కాసేపు వేడిగాలి, కొన్ని గంటలు విరామం, మళ్లీ వేడిగాలి. విత్తనం వడ్లకైతే ఆ గాలి 43 డిగ్రీలు దాటకూడదు. "గంటలో ఆరబెట్టేస్తాం" అనే సేల్స్‌మన్‌ను గేటు దగ్గరే ఆపండి. డీజిల్ మిషన్ ఇచ్చి ఖర్చు రైతును పెట్టుకోమన్నా అది మూలన పడేదే.

"ఏడాదిలో రెండు నెలల పనికి ఇంత డబ్బా?" అంటారేమో. వానాకాలం మక్కలు వడ్లకంటే ముందే, వానలు పడుతుండగానే కోతకొస్తాయి. వాటికి 14 శాతమే అడుగుతారు. ముందు వాటితో మొదలుపెట్టండి.