బడికి తెర కన్నా మూడు బల్లలు మేలు

మన ఊళ్ల ప్రాథమిక పాఠశాలలకు ఏదైనా చేయాలన్న మాట వచ్చిన ప్రతిసారీ అమెరికాలోని మన తెలుగు సంఘాల సమావేశాల్లో డిజిటల్ తెరలు, కంప్యూటర్లే ముందుకు వస్తాయి. ఆ డబ్బులో కొంతైనా విజ్ఞానశాస్త్ర అభ్యసన కేంద్రాలకు, అంటే గదిలో ఒక్కో మూల బల్ల మీద ఒక్కో ప్రయోగానికి సామగ్రి అమర్చి, నలుగురైదుగురు పిల్లలు వంతులవారీగా చేసి చూసుకునే ఏర్పాటుకు కేటాయించాలని నా అభిప్రాయం.

అమెరికా బడుల్లో మన పిల్లలకు ఇది మామూలే. నిజానికి దీని అవసరం నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లోనే ఎక్కువ. 2009 విద్యాహక్కు చట్టం లెక్కన 60 మంది పిల్లల వరకు ఇద్దరే ఉపాధ్యాయులు, తరగతులేమో ఐదు. మూడో తరగతికి పాఠం నడుస్తున్నంతసేపు ఐదో తరగతి పిల్లలు ఎక్కాలు రాసుకుంటూ కూర్చోవలసిందే. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ విద్యాసంస్థ వారు ఇటువంటి బడుల కోసమే పిల్లలు తమంతట తాము చదువుకునే కార్డుల పద్ధతిని రూపొందించారు.

దేవరకొండ వైపు ఒక బడిలో నేను చూసిన మూలలో అడుగు కోసిన మూడు నీళ్ల సీసాలున్నాయి. మూతికి పాత చీర పీలిక కట్టి, తలకిందులుగా గ్లాసుల మీద నిలబెట్టి, ఒకదాంట్లో చలక మట్టి, ఒకదాంట్లో నల్లరేగడి, మూడోదాంట్లో వాగు ఇసుక నింపారు. మూడింట్లోనూ ఒకే కొలత నీళ్లు పోసి పిల్లలు అంకెలు లెక్కపెడుతున్నారు. "రేగడి నీళ్లు ఇడుస్తలేదు సార్, మా పత్తి చేను గూడ గిట్లనే" అన్నాడొక పిల్లవాడు. సారు కారణం చెప్పలేదు, ఇంకో గ్లాసు పోసి చూడమన్నాడు. ఏ వీడియో కన్నా ఆ ఒక్క మాటే ఎక్కువ పాఠం చెప్పిందని నాకనిపించింది.

నీటి పాఠానికి మాత్రం కాస్త జాగ్రత్త కావాలి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన జిల్లా పేరుతోనే "నల్లగొండ టెక్నిక్" అన్న పేరు వచ్చింది కనుక, బురదనీళ్లలో పటిక తిప్పి చూపే మూల ఒకటి ఉండటం సబబే. కానీ తేరుకున్న నీళ్లన్నీ మంచినీళ్లేనన్న భ్రమ పిల్లల్లో మిగలకూడదు. మా పెద్దల పళ్లకు గారపట్టించి, నడుములు వంచిన ఫ్లోరైడ్ బోరు నీళ్లు చూడటానికి తేటగానే ఉండేవి.

గది గోలగా ఉంటుందన్న అభ్యంతరాన్ని నేను పెద్దగా లెక్కచేయను. నన్ను బాధించేది తాళం. కొన్నేళ్ల కిందట మేం కొందరం కలిసి పంపిన సైన్స్ కిట్టు ఒక బడిలో అట్టపెట్టె కూడా విప్పకుండా బీరువాలోనే ఉండిపోయింది, భూతద్దం పగిలితే జవాబు చెప్పుకోవలసి వస్తుందని అక్కడివారి భయం. అందుకే ఈసారి సామగ్రితోపాటు, పగిలినా పోయినా ఎవరినీ అడగబోమని సంఘం తరఫున సంతకం చేసిన కాగితం ఒకటి పంపాలి, ఏటేటా తిరిగి కొనడానికి కొంత సొమ్ము విడిగా ఉంచాలి.