సవరణ: మర్యాద అంటే మెతకదనం కాదు

ఎదుటి కక్షిదారు పట్ల లాయరు మర్యాద తప్పకూడదని మొన్నటి పోస్టులో రాశాను. ‘అయితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు, గట్టిగా నిలదీయకూడదా?’ అని కొందరు అడిగారు. కాబట్టి ఆ వాక్యాన్ని ఇలా చదువుకోండి: లాయరు ఎంత గట్టిగానైనా వాదించవచ్చు, ఎదుటి మనిషిని కించపరచకూడదు.

‘ఈ రసీదు మీద సంతకం మీదేనా? మరి నోటీసుకిచ్చిన జవాబులో కాదన్నారేం?’ అంటే సాక్షికి చెమటలు పట్టవచ్చు. అయినా అది న్యాయమైన ప్రశ్నే. ‘మీ ఇంటిల్లిపాదీ ఇంతేనా?’ అంటే మాత్రం తిట్టే, కేసుతో దానికి సంబంధం లేదు.

క్లయింటు అనమన్నాడన్న సాకు చెల్లదు. లాయరు కేవలం క్లయింటు నోరు కాదనీ, ఉత్తరాల్లో, దావా కాగితాల్లో, వాదనలో మాట అదుపులో ఉంచుకోవాలనీ లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు చెబుతున్నాయి. ఎంత చెప్పినా అడ్డదారులు మానని క్లయింటు కేసు వదులుకోమనీ చెబుతున్నాయి. నా దృష్టిలో అన్నిటికంటే బరువైన మాట ఇదే.

ఇంకొకటి. ఎదుటివారికి లాయరుంటే, కేసు సంగతి ఆ లాయరు ద్వారానే మాట్లాడాలి. నేరుగా ఫోన్ చేసి ఎంత మర్యాదగా రాజీ మాటలాడినా నియమం తప్పినట్టే.