ఫ్రేములో కీమన్ అడ్డొస్తున్నాడు

రైల్వే మీద ఈ దేశంలో ఫిర్యాదులకు కొదవ లేదు. బండి ఆలస్యం, బెర్తు వెయిటింగు, టీలో టీ తప్ప అన్నీ ఉండటం. ఇవన్నీ బండెక్కేవాళ్ళ గోడు. బండెక్కనివాళ్ళ గోడు ఒకటుంది, దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. రైలుకట్ట పక్కన, భక్తి ముదిరితే కట్ట మీద, ఇంకా ముదిరితే రెండు పట్టాల నడుమే నిలబడి ఇంజన్లకు ఫొటోలూ వీడియోలూ తీసే అభిమానుల సంగతి చెబుతున్నాను. ఈ కళాసేవకు రైల్వే సిబ్బంది కలిగిస్తున్న ఆటంకాలను పెద్దల దృష్టికి తేవడం మన కర్తవ్యం.

ముందు అభిమాని పాండిత్యాన్ని గౌరవించాలి. మలుపులో ఇంజను ముక్కు కనబడీ కనబడకముందే అది లాలాగూడ షెడ్డుకు చెందిన వ్యాప్-7 రకం ఇంజను అనో, ఈరోడ్ నుంచి దారి తప్పొచ్చిన ఆఫ్‌లింక్, అంటే తన రోజువారీ బండి కానిదాన్ని లాగుతున్న ఇంజను అనో చెప్పేస్తాడు. ఆ వ్యాప్‌లో డబ్ల్యు అంటే బ్రాడ్‌గేజి, ఏ అంటే ఏసీ కరెంటు, పి అంటే ప్యాసింజరు అని నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాడు. ఏ బండి ఏ స్టేషన్లో ఆగకుండా స్కిప్ కొడుతుందో, ఎక్కడ పూర్తి వేగం అందుకుంటుందో అతనికి కంఠోపాఠం. ఇంత చదువుకున్నవాడు కట్ట పక్కనున్న 'పట్టాలు దాటుట నేరము' బోర్డు చదవలేదా అని కొందరు మూర్ఖులు అడుగుతారు. చదవకేం, ఆ బోర్డు ఫొటోలో పడకూడదనే కదా నాలుగడుగులు లోపలికి జరిగింది!

అసలు తగవంతా భాష దగ్గర వచ్చింది. రైల్వేవాళ్ళకు ఒక చేతుల భాష ఉంది. జనరల్ రూల్స్ అనే వాళ్ళ నియమావళిలో రాసి ఉంది, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ నుంచి ఇంజను నడిపే లోకో పైలట్ దాకా అందరికీ వచ్చు. ఎర్రజెండా చేతిలో లేనప్పుడు రెండు చేతులూ తలపైకి ఎత్తితే 'ఆపు' అని అర్థం. రాత్రిపూట ఎర్రదీపం లేకపోతే తెల్లదీపాన్ని ఒంటికి అడ్డంగా అటూ ఇటూ జోరుగా ఊపినా 'ఆపు' అనే. ఒక్క చెయ్యి నిటారుగా కిందికీ పైకీ ఊపితే 'జాగ్రత్తగా, నెమ్మదిగా రా' అని.

ఇప్పుడు మన కళాకారుణ్ణి చూడండి. ముందువరసలో మిత్రులుంటే ఫోనును రెండు చేతులతో తలపైకెత్తి తీస్తాడు. రైల్వే భాషలో బండి ఆపమన్నాడు. చీకటి పడ్డాక పైలట్ తనవైపు చూడాలని ఫోను టార్చి వేసి అటూ ఇటూ ఊపుతాడు. మళ్ళీ ఆపమన్నాడు. కూత కావాలని పిడికిలి బిగించి గంట కొడుతున్నట్టు చెయ్యి కిందికీ పైకీ ఆడిస్తాడు. నెమ్మదిగా రమ్మన్నాడు. 130లో దూసుకుపోయే బండిని పట్టడానికి వచ్చినవాడు, వచ్చిన దగ్గర్నుంచీ దాన్ని ఆపమనీ నెమ్మదించమనీ అధికారికంగా సంజ్ఞలు చేస్తూనే ఉన్నాడన్నమాట.  ఎర్ర టీషర్టు వేసుకొచ్చినవాడైతే ఒళ్ళంతా జెండాయే.

కాబట్టి మన మొదటి డిమాండు: జనరల్ రూల్స్ సవరించాలి. రెండు చేతులూ ఎత్తినవాడి గుప్పిట్లో ఫోనుంటే బండి ఆగనక్కర్లేదు. ఉన్నది ఫోనో ఎర్రగుడ్డో పోల్చుకునే బాధ్యత లోకో పైలట్‌దే. సెకనుకు 36 మీటర్లు పోతూ పోల్చుకోవడం కష్టమంటే అది శిక్షణలో లోపం.

ఆ 36 ఎక్కడిదంటే, 130ని 3.6తో భాగించండి. దక్షిణ మధ్య రైల్వేలో ముఖ్యమైన మార్గాల్లో 2022 నుంచి బండ్లు గంటకు 130 కిలోమీటర్లతో పోతున్నాయి. కరెంటు స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం మామూలుగా 60 మీటర్లకు అటూ ఇటూ. అది దాటడానికి బండికి రెండు సెకన్లు పట్టదు. ఫోను కెమెరా వెడల్పు లెన్సులోంచి చూస్తే అదే బండి ఆఖరి మూడు సెకన్ల దాకా అగ్గిపెట్టెంతే కనిపిస్తుంది. ఇందులో రైల్వే కుట్ర ఉందని అనుమానం.

ఆగడానికి ఎంత దూరం కావాలో కూడా రైల్వే తన రూల్స్‌లోనే చెప్పుకుంది. పట్టా విరిగిందనుకోండి, రోజూ పట్టాల వెంట నడిచి తనిఖీ చేసే కీమన్ బండి వచ్చే దిక్కుగా ఎర్రజెండా పట్టుకుని పరిగెత్తి 600 మీటర్ల దగ్గర ఒక డిటొనేటరు, 1,200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంలో మూడు పట్టా మీద బిగించాలి. చక్రం కింద అవి పేలితే ముందు ప్రమాదం ఉందని పైలట్‌కు తెలుస్తుంది. 1,200 ఎందుకూ అంటే, అంతకన్నా దగ్గర్లో చెప్పి లాభం లేదు కనుక. కళాకారుడు మాత్రం 40 మీటర్ల ముందు పట్టాల మీద నుంచి గెంతి పక్కకు తప్పుకుని, 'అన్నకు బ్రేకు వెయ్యాల్సిన అవసరమేం వచ్చింది?' అని నొచ్చుకుంటాడు.

బ్రేకు సంగతి. పైలట్ ఎమర్జెన్సీ వేశాడంటే బ్రేకు పైపులో ఉన్న అయిదు కిలోల ఒత్తిడి సున్నాకు పడిపోతుంది. మళ్ళీ నింపుకుని, బ్రేకులన్నీ విడిచాయని చూసుకుని కదలాలి. 58 వ్యాగన్ల గూడ్సయితే ఆ గాలి చివరి వ్యాగను దాకా చేరేసరికి వెనకున్న బండ్లన్నీ సిగ్నళ్ళ దగ్గర నిలబడి ఉంటాయి. చక్రం జారి ఒకచోట చదునుగా అరిగితే ఆ పెట్టె షెడ్డుకు పోయేదాకా దబదబమంటూనే ఉంటుంది. ఇవన్నీ వీడియోలో పడవు కనుక లేనట్టే లెక్క.

బ్రేకు సరిపోకపోతే జరిగేదానికి రైల్వేలో ఎమ్మార్వో అని పేరు. మన జనానికి ఆ మాట వినగానే కుల ధ్రువీకరణ పత్రం గుర్తొస్తుంది. కంట్రోలు ఆఫీసులో ఎమ్మార్వో అంటే మనిషి బండి కింద పడ్డాడని. గేదె పడితే సీఆర్వో. పైలట్ పక్క స్టేషను మాస్టరుకు మెమో ఇచ్చి, మళ్ళీ అదే సీట్లో కూర్చుని బండి నడపాలి. పోలీసులు వచ్చేదాకా కట్ట మీద కాపలా కాసే పని చాలాసార్లు ఆ సెక్షను ట్రాక్‌మన్‌దే. ఆ రాత్రి వాళ్ళిద్దరూ అన్నం తిన్నారా లేదా అన్నది కళకు సంబంధించిన విషయం కాదు.

'మేం పట్టాల మీద ఎందుకుంటాం, పక్కనే కదా నిలబడేది' అంటారు మితవాదులు. వీళ్ళకోసం చిన్న లెక్క. రెండు పట్టాల మధ్య దూరం 1.676 మీటర్లు. ఎల్.హెచ్.బి. అనే కొత్తరకం ప్రయాణికుల పెట్టె వెడల్పు 3.24 మీటర్లు. అంటే పెట్టె పట్టాలకు అటూ ఇటూ ముప్పావు మీటరుకు పైగా బయటికి వేలాడుతూ వస్తుంది. డబుల్ లైన్లో రెండు దారుల నడుమ నిలబడితే క్షేమం అనేవాళ్ళకు ఇంకో లెక్క: పాత మార్గాల్లో ఒక దారి నడిమి నుంచి రెండో దారి నడిమికి కనీస దూరం 4.265 మీటర్లు. దాంట్లోంచి 3.24 తీసేస్తే మిగిలేది మీటరు మీద రెండున్నర సెంటీమీటర్లు. అభిమానులు 'క్రాసింగ్ వీడియో' అని కలవరించేది సరిగ్గా ఇక్కడే, ఇటు నుంచొకటీ అటు నుంచొకటీ బండ్లు వచ్చినప్పుడు. బ్యాగు వీపున ఉంటే ఆ మీటరులో దాని వాటా కూడా తీసెయ్యండి.

చప్పుడు వినబడుతుంది కదా అనే ధీమా ఆవిరింజను రోజులది. ఇప్పుడు పట్టాలను పొడుగ్గా వెల్డింగు చేసేశారు, పాతకాలం టకటక పోయింది. కరెంటింజను ముందువైపు చప్పుడు తక్కువ. పక్క లైన్లో గూడ్సు పోతుంటే ఆ మోతలో ఇవతలి లైన్లో ఎక్స్‌ప్రెస్ వచ్చేది అసలు తెలియదు. మూడో లైను పడినచోట 'ఈ దారిలో బండి ఎప్పుడూ అటునుంచే వస్తుంది' అన్న అనుభవజ్ఞానం కూడా పనికిరాదు. బండ్లు ఢీకొనకుండా చూసే కవచ్ ఉందిగా అంటారు, మన వికారాబాద్ దారుల్లోనే పుట్టి పెరిగింది కదా అని. కవచ్ చూసేది సిగ్నళ్ళనూ ఎదురుబండినీ. టీషర్టులను కాదు.

ఇక పైన 25,000 వోల్టుల తీగ. దాన్ని ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి పోతే చాలు, అదే వచ్చి ముట్టుకుంటుంది. రైల్వే సొంత మనుషులే కరెంటు ఆపించకుండా రెండు మీటర్ల లోపలికి పోరు. ఆగి ఉన్న వ్యాగనెక్కి సెల్ఫీ కర్ర పైకెత్తేవారికి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

గోదావరి వంతెన మీద మాత్రం ప్రమాదానికి భక్తి తోడవుతుంది. కిటికీలోంచి రూపాయి బిళ్ళా, కొబ్బరికాయా గోదారమ్మకు వేసే ఆచారం మనది. విసిరింది నదికి చేరేలోపు దానికి బండి వేగం కూడా ఉంటుంది. ఆ దారిలో నిలబడినవాడికి అందేది ప్రసాదం అనుకోలేం. 1997లో తెరిచిన ఆర్చి వంతెన అందం చూడాలంటే రాజమండ్రి పుష్కరఘాటు మెట్లున్నాయి, అవతల కొవ్వూరు గోష్పాద క్షేత్రం ఉంది, కృష్ణ వంతెనకైతే ప్రకాశం బ్యారేజి ఉంది. ఫ్లైఓవర్లున్నాయి, గేటుకు ఇవతల రోడ్డుంది. కానీ అక్కణ్ణుంచి ఎవరైనా తీస్తారు. చావు అంచున తీస్తేనే లైకులు రెండు ఎక్కువొస్తాయి.

చట్టం చూడబోతే చాలా దయగలది. 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా కట్ట మీద అడుగుపెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లెన్సు 80 వేలు పెట్టి కొన్నవాడికి ఆ వెయ్యి పార్కింగు టిక్కెట్టు లాంటిది. 2023 జూలైలో దూద్‌సాగర్ జలపాతం దగ్గర పట్టాల వెంట నడిచొచ్చిన జనంతో రైల్వే పోలీసులు గుంజీలు తీయించారు. అదొక్కటే కాస్త పనిచేసినట్టుంది, ఎందుకంటే దాన్ని కూడా ఎవరో వీడియో తీశారు. అదే పట్టా మీద రాయో, సబ్బో, కోడినో పెట్టి బండి వస్తే ఏమవుతుందో చూపించాలనుకుంటే మటుకు దయ అయిపోతుంది. 2024లో ఉత్తరప్రదేశ్‌లో ఒకాయన ఆ ప్రయోగాలే చేసి జైలుకు పోయాడు.

రైల్వేవాళ్ళు పత్తిత్తులేం కాదు. పది రూపాయల ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొని, పసుపు గీతకు ఇవతల బుద్ధిగా నిలబడి ఫొటో తీసేవాణ్ణి పట్టుకుని ఒకాయన 'ఇక్కడ కెమెరా నిషేధం' అంటాడు. ఏ రూలండీ అంటే, గొంతు పెద్దది చేయడమే జవాబు. ఆ పక్కనే ప్లాట్‌ఫారం చివర్లోంచి కూరగాయల బుట్టలతో, చంటిపిల్లలతో పదిమంది పట్టాలు దాటుతుంటారు, ఆయనకు కనబడరు. వాళ్ళ చేతిలో కెమెరా లేదు మరి. ఫొటోల మోజు చూసి రైల్వే స్టేషన్లలో సెల్ఫీ పాయింట్లు కూడా పెట్టింది. దాంట్లో అన్నీ ఉన్నాయి, బండి తప్ప. ప్లాట్‌ఫారం మీద మర్యాదగా తీసుకోనిస్తే కట్ట మీదికి పోయేవాళ్ళు కొందరైనా తగ్గుతారు. ఈ ముక్క మాత్రం వెటకారం కాదు.

ఇప్పుడు ముఖ్య ముద్దాయి దగ్గరికి వద్దాం. కీమన్. పట్టాల కింద కిలోమీటరుకు 1,660 స్లీపరు దిమ్మెలు, స్లీపరుకు పట్టాలను బిగించి పట్టే నాలుగు క్లిప్పులు, అంటే 6,640. ఊడిన క్లిప్పు ఎక్కడుందా అని రోజూ తన బీటంతా నడిచి చూసే మనిషి. భుజాన సుత్తి, స్పానరు, చంకలో చుట్టిన జెండాలు. బండి వస్తే పక్కకు తప్పుకుని, తిరిగి నిలబడి, చివరి పెట్టె దాకా ఏదైనా వేలాడుతోందేమో చూస్తాడు. పైగా నారింజరంగు జాకెట్టు వేసుకుంటాడు, పచ్చటి వరిచేల మధ్య రంగుల పొందిక చెడిపోయేలా. 'బాబూ, పక్కకి రా, డౌన్ లైన్లో బండొస్తోంది!' అని ఆడియో పాడుచేస్తాడు. అతన్ని వీడియోలోంచి కత్తిరించడానికి ఎడిటింగులో అరగంట పడుతోందని అభిమానుల ఆవేదన.

పైలట్ మీద మాత్రం వాళ్ళకు ఏ ఫిర్యాదూ లేదు. దూరం నుంచే ఆపకుండా కూత వేస్తూ వస్తాడు, కిటికీలోంచి అసిస్టెంటు చెయ్యి విదిలిస్తుంటాడు. 'అన్న మన కోసమే అంత పొడుగు కూత కొట్టాడు, చెయ్యి కూడా ఊపాడు' అని కింద రాసుకుంటారు. మొన్నటి వీడియోల్లో ఒకదాంట్లో అరుదుగా కీమన్‌ను కూడా కత్తిరించకుండా ఉంచారు. వెనక మసగ్గా, ఇంజను వైపు తిరిగి పరిగెడుతూ, రెండు చేతులూ తలపైకెత్తి ఉన్నాడు. దాని కింద వ్యాఖ్య: 'చూశారా, కీమన్ అన్న కూడా హాయ్ చెబుతున్నాడు!'