నిన్న ఎవరెవరు ఫైర్ అయ్యారు?

పొద్దున్నే పేపరు తెరిస్తే మొదటి పేజీలో ముగ్గురు ఫైర్ అయ్యారు. జిల్లా పేజీలో ఇంకో ఐదుగురు. ఇంతమంది అంటుకున్నా ఫైరింజన్ కదిలిన దాఖలా ఒక్కటీ లేదు.

ఈ మాట వాడటం ఇంగ్లీషువాళ్ళకు చేతకాదు పాపం. అక్కడ తిట్లు తిన్నవాడు ‘అండర్ ఫైర్’లో ఉంటాడు. ఫైర్ అయినవాడైతే ఉద్యోగం ఊడి, అట్టపెట్టె చంకన పెట్టుకుని గేటు దాటతాడు. మన దగ్గర తిట్టినవాడే ఫైర్ అవుతాడు. రెండక్షరాలతో హెడ్డింగు ఒక్క కాలమ్‌లో ఇమిడిపోతుంది. ఎందుకు తిట్టాడో రాసే శ్రమా తప్పుతుంది.

డాలస్ నుంచి సెలవులకొచ్చిన మా పక్కింటివాళ్ళ మనవడు కూడబలుక్కుని చదువుతున్నాడు: “మం... త్రిపై ఎమ్మె... ల్యే ఫైర్.” చదివి, “తాతా, మినిస్టర్ చచ్చిపోయాడా?” అన్నాడు.

“లేదురా, ఊరికే తిట్టాడంతే.”

“మరి పోలీసులు?”

“ఎమ్మెల్యే వెనకే ఉన్నారు.”

మర్నాడు అదే పేపర్లో ఆ ఇద్దరూ ఓ పెళ్ళిపందిట్లో పక్కపక్కన నిలబడి అక్షింతలు వేస్తున్న ఫోటో. పిల్లాడు పేపరు ముక్కుకి ఆనించుకుని మంత్రిగారి చొక్కాకి చిల్లెక్కడుందా అని వెతికాడు. ఈలోగా టీవీలో ‘హైకోర్టు సీరియస్’ అని విన్న వాళ్ళ నాయనమ్మ “అయ్యో, ఏ ఆసుపత్రిలో చేర్పించారూ?” అంది.

మనకు మాటల్లేకనా? తూర్పారబట్టడం, నిప్పులు చెరగడం, ఎండగట్టడం. కళ్ళం వాసన పోని మాటలు. తూర్పారబట్టడమంటే, బల్లెక్కి, చేట భుజం ఎత్తున పట్టి, గాలివాటం చూసి జారవిడిస్తే పొల్లు అవతల పడుతుంది, గింజ కాళ్ళ దగ్గర కుప్పపడుతుంది. విమర్శంటే అదీ. మన నాయకుల ఫైర్‌ని చేటలో పోసి చూడండి, పిడికెడు గింజలు రాలితే ఒట్టు.

సరే, ఆ కళ్ళం ఎవరిది? రైతుది. ఆ రైతుకి ఏనాడైనా ఫైర్ అయ్యే యోగం పట్టిందా? 2025 వానాకాలంలో తెలంగాణలో సొసైటీ గోదాముల ముందు మనుషులకు బదులు చెప్పులు వరసకట్టాయి. 45 కిలోల యూరియా బస్తా, ధర 266 రూపాయల 50 పైసలు, దానికోసం తెల్లవారకముందే వచ్చి పడిగాపులు. వరసలో చెప్పులు వదిలేసి, వట్టికాళ్ళతో బురదలో నిలబడి, స్టాకు అయిపోయిందన్న మాట వింటే ఎవడైనా ఏంచేస్తాడు? తిడతాడు. నోరారా తిడతాడు. హెడ్డింగు మాత్రం ‘రైతుల గగ్గోలు’. మరీ దయతలిస్తే ‘అన్నదాత ఆవేదన’. మైకు గరగరమందని ఎమ్మెల్యే అరిస్తే ఫైర్, పొట్టకొచ్చే పైరు పసుపుబారిపోతోందని రైతు అరిస్తే గగ్గోలా? ఎవడిది కోపమో, ఎవడిది ఏడుపో ఏసీ గదిలో కూర్చుని తేల్చడానికి సిగ్గులేదూ? వాళ్ళు ఏడవలేదయ్యా, బూతులు తిట్టారు. అచ్చువెయ్యలేకపోతే చుక్కలు పెట్టండి.

చోటు చాలదంటారా? గగ్గోలు మూడక్షరాలు. ఫైర్ రెండే.