నీలిరంగు గడిగారికి రెండెకరాలవాడి విన్నపం

ఉపగ్రహం చూపుతో నేల తేమ చెప్పే మహారాజశ్రీ ఫోన్ తెర మీది నీలిరంగు గడిగారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. చెయ్యి రావడంలేదు. తమరు కుశలమే, నిండు నీలంగా నిగనిగలాడుతున్నారు. ఇక్కడ నా మొక్కలు మధ్యాహ్నానికే తలలు వాల్చేశాయి.

మొన్న రాత్రి నాలుగు చినుకులు రాలాయి. తెల్లారేసరికి తమరు "నేలలో తేమ పుష్కలం, తడి అవసరం లేదు" అని సెలవిచ్చారు. అంత ఎత్తు నుంచి దిగివచ్చిన మాట కదా, కాదనడం మర్యాద కాదని నా వంతు కాలువ నీళ్ళు పక్కచేనుకి వదిలేశాను. ఇవాళ అనుమానమొచ్చి పారతో తవ్వి చూశాను. పైన రెండంగుళాలు తడి. దాని కింద పొడి. ఇంకా కింద, పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టకుండా జారిపోయే పిండి. నా పంట వేర్లేమో మూరెడు లోతున ఉన్నాయి. మళ్ళీ నా వంతు ఎనిమిది రోజులకి.

రెండంగుళాలు! క్షమించాలి, తమ భాషలో 5 సెంటీమీటర్లు. నేల తనంతట తాను వదిలే సన్నటి మైక్రోవేవ్ తరంగాలను ఉపగ్రహం పైనుంచి పట్టుకుంటుందట. విద్యుత్ క్షేత్రానికి ఒక పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె ఒకటుంది, డైఎలెక్ట్రిక్ విలువ అని. నీటిది 80 దగ్గర, ఎండుమట్టిది 4 దగ్గర. ఆ తేడా వల్ల తడినేల ఆ తరంగాలను తక్కువగా వదులుతుంది, ఉపగ్రహం కంటికి ఎండునేల కన్నా చల్లగా కనిపిస్తుంది. ముచ్చటైన ఉపాయమే, ఒప్పుకుంటాను. కానీ ఆ కబురు వచ్చేది పైపొర నుంచే. దాని కింద ఏముందో లెక్కగట్టి ఊహించాల్సిందే. ఈ సంగతి ఉపగ్రహాన్ని పంపినవాళ్ళు దాచలేదు, రాసే పెట్టారు. నా ఫోన్‌లోకి దిగేసరికి ఆ 5 సెంటీమీటర్ల ముక్క దారిలో ఎక్కడో జారిపోయింది. "తడి అవసరం లేదు" మాత్రం భద్రంగా వచ్చింది.

మొహం కడుక్కున్నవాణ్ణి చూసి, వీడికి దాహం తీరిందని నీళ్ళకుండ ఎత్తుకుపోతారా ఎవరైనా? తమరు పోయారు. పైన పటారం లోన లొటారం అంటే మనుషుల గురించే అనుకునేవాణ్ణి. నా చేను గురించీ అదే మాట చెప్పుకోవాల్సొచ్చింది, తమరి పుణ్యమా అని. ఒక్క మాట, "పైన తడి ఉంది, లోపల తవ్వి చూసుకో" అని ఒక్క మాట రాస్తే నీ నీలం వెలిసిపోయేదా? ఇంక తమరేమిటి, నువ్వే! ఎనిమిది రోజులు! ఈ ఎండకి ఎనిమిది రోజులంటే ఏమిటో నీకు తెలుసా? నీకు ఎండంటే ఒక అంకె.

నీ వెడల్పు సంగతి సరేసరి. పొడవూ వెడల్పూ తొమ్మిదేసి కిలోమీటర్లు, అంటే 81 చదరపు కిలోమీటర్లు, దాదాపు 20 వేల ఎకరాలు. అందులో చెరువుంది, రోడ్డుంది, వాన దంచికొట్టిన చేలున్నాయి, చినుకులతో సరిపెట్టుకున్న నాదీ ఉంది. అన్నీ కలిపి దంచి ఒకటే రంగు పూశావు. అక్కడి చెరువు తడి నా మొక్కకి ఎక్కుతుందా?

మీ వంశంలో స్మాప్ మీద, అదే నేల తేమ కొలవడానికి నాసా పంపిన ఉపగ్రహం మీద, మాత్రం నాకు కోపం లేదు. తేమని దగ్గరగా చూడమని రాడార్ ఇచ్చి 2015 జనవరిలో పైకి పంపితే, జూలైకల్లా ఆ రాడార్ మూగబోయింది. మిగిలిన రేడియోమీటర్, అంటే నేల వదిలే ఆ తరంగాలను పట్టే పరికరం, దాని చూపు ముప్పై నలభై కిలోమీటర్ల వెడల్పుది. అయినా పాపం, ఒంటికన్నుతోనే నెట్టుకొచ్చాడు.

నీ పక్కనుండే పచ్చదనం సూచీకి కూడా నా నమస్కారాలు చెప్పు. దానికి కలుపూ పంటే. పోయినసారి చేను నిండా తుంగ లేస్తే "పైరు ఏపుగా ఉంది" అని మెచ్చుకుంది. మబ్బు పడితే అదీ కనపడదు. ఇక డ్రోన్ అంటావా, కాస్త గాలి విసిరితే ఎగరనంటుంది, ఎగిరితే అరగంటకే ఆయాసపడుతుంది.

అయినా నిన్ను తీసి పారేయలేకపోతున్నాను, అదీ నా బాధ. కాలువ వైపు మూలలో చౌడు ఏటేటా ఇన్ని గజాలు ముందుకు పాకుతున్న సంగతి రోజూ ఆ గట్టు మీద నడిచే నేను కనిపెట్టలేదు. మీవాడే, సెంటినెల్-2 అనే యూరప్ ఉపగ్రహం, పది మీటర్లకో చుక్క చొప్పున తీసిన పాత చిత్రాలు వరసగా పేర్చి చూస్తే తెల్లటి మచ్చ పెరుగుతూ కనిపించింది. ఆ రోజు ఫోన్‌కి దండం పెట్టాను. ఇవాళ విసిరికొట్టబోయి ఆగాను, ఆ దండం గుర్తొచ్చే.

రేపు పొద్దున కూడా నిన్ను తెరిచి చూస్తాను, అలవాటైపోయావు. ఎనిమిదో రోజున మాత్రం నువ్వు ఏ రంగులో ఉన్నా సరే, మడవ తీస్తాను.

ఇట్లు,
నీ 20 వేల ఎకరాల సగటులో రెండెకరాలు