మహారాజశ్రీ హోమ్‌లోన్ టెన్యూర్ గారికి

ఇంటి అప్పు తీరే గడువైన మహారాజశ్రీ టెన్యూర్ గారి సముఖమునకు, విశాఖపట్నంలో ఇంటిపద్దు రాసుకునే కుటుంబాలవాళ్ళం నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు మాత్రం నెలనెలా చిక్కిపోవాలని సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంటున్నాం.

ఉత్తరం మీ పేరున వచ్చిందేమిటా అనుకుంటున్నారేమో. నిజమే, ఊరంతా తిట్టేది మీ చెల్లెలు ఈఎంఐనే. పాపం ఆవిడ ఎంత పట్టుకెళ్తుందో మెసేజ్ పెట్టి మరీ పట్టుకెళ్తుంది. మీరు శాంక్షన్ లెటర్‌లో ఓ మూల 240 నెలలు అనే అంకె వేషంలో కూర్చుంటారు, ఎవరి కంటా పడరు. మధురవాడలో ఫ్లాట్ కొన్న ఆసామిని ఈఎంఐ ఎంతండీ అని అడగండి, నిద్రలో లేపినా చెప్తాడు. ఇంకా ఎన్ని నెలలుందండీ అంటే పైకప్పు వంక చూస్తాడు. ఆ పైకప్పూ ఇంకా తాకట్టులోనే ఉంది.

మీ ఘనత అంకెల్లోనే చెప్పుకోవాలి. 40 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ళు అనుకుందాం. ఈఎంఐ రూ. 34,713. మొదటి నెల అందులో రూ. 28,333 వడ్డీకే పోతుంది, అసలుకు దక్కేది రూ. 6,380. మొదటి ఏడాది 4 లక్షల 16 వేలు కడితే తరిగే అసలు 80 వేలు కూడా ఉండదు. అసలు కన్నా వడ్డీ ముద్దు అని మా పెద్దవాళ్ళు మనవల్ని చూసి అన్నారు గాని, మీరు దాన్ని బ్యాంకు పాలసీ చేశారు. కంతులో వడ్డీ వాటా సగానికి దిగేది 143వ నెలలో. అంటే గృహప్రవేశం నాడు పుట్టిన పిల్ల హైస్కూల్లో చేరే దాకా పైచేయి వడ్డీదే. ఆఖరికి 40 లక్షలకు 83 లక్షల 31 వేలు కట్టించుకుని గాని మీరు సెలవు తీసుకోరు.

పోనీ 240 అంటే 240 దగ్గరే ఆగుతారా అంటే అదీ లేదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు, 4 శాతం నుంచి 6.5 శాతానికి ఎక్కింది. 2019 అక్టోబర్ తర్వాత బ్యాంకులిచ్చిన ఫ్లోటింగ్ (వడ్డీ రేటు మారుతుండే) హోమ్‌లోన్లు రెపో లాంటి బయటి రేటుకు ముడిపడ్డవి గనక, పెంపు మూణ్ణెల్ల లోపే ఖాతాలోకి దిగింది. చాలామంది ఇంట్లో ఈఎంఐ కదలలేదు, అమ్మయ్య అనుకున్నారు. కదిలింది మీరు! 6.75 శాతం మీద 40 లక్షలు తీసుకున్నవాళ్ళ ఈఎంఐ రూ. 30,414. అదే బాకీ మీద 9.25 శాతం పడితే ఒక్క నెల వడ్డీయే రూ. 30,833. కంతు ఠంచనుగా కడుతూనే ఉన్నా బాకీ పెరుగుతుందన్నమాట. అలాంటి చోట ఈఎంఐ పెంచక తప్పదు. అంతదాకా రాని ఖాతాల్లో మీరు చాప కింద నీరులా సాగుతూ రిటైర్మెంట్ తారీఖు దాటిపోయారు.

2023 ఆగస్టు 18న రిజర్వ్ బ్యాంక్ మీ చెవి పట్టుకుంది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, టెన్యూర్ పొడిగించాలా, రెండూ కొంత కొంతా అన్నది అప్పు తీసుకున్నవాణ్ణి అడిగి చేయమంది. మూణ్ణెల్లకోసారి ఎంత కట్టారో, ఇంకా ఎన్ని కంతులున్నాయో చూపే స్టేట్‌మెంట్ ఇవ్వాలంది. ఆ స్టేట్‌మెంట్ ఇప్పుడు యాప్‌లోనే ఉంటుంది. దాన్ని తెరవనివాళ్ళే మీకు మహారాజ పోషకులు. 2025లో రెపో 6.5 నుంచి 5.25కి దిగినప్పుడూ అంతే. బ్యాంకు ఈఎంఐ తగ్గిస్తానంటే వద్దండీ, పాతదే ఉంచి నెలలు తగ్గించండి అని ఓ కాగితం రాసిచ్చినవాళ్ళకు పైసా అదనంగా కట్టకుండానే మీరు కురచయ్యారు. ఇంకో చిట్కా కూడా మీకు గిట్టదు. పాత ఖాతాదారుకు రెపో మీద బ్యాంకు కలిపే అదనపు శాతం, అదే స్ప్రెడ్, ఎక్కువ, కొత్తవాళ్ళకు తక్కువ ఉంటుంటుంది. కొంత ఫీజు కడితే తక్కువ స్ప్రెడ్‌కు మారే వీలు చాలాచోట్ల ఉంది. 35 లక్షల బాకీ మీద 0.4 శాతం తగ్గితే మొదటి ఏడాదే దాదాపు 14 వేలు మిగులుతాయి. ఫీజు ఎంతో కనుక్కుని తీసేసి చూసుకోవడమే.

ఇక మీ అసలు రహస్యం, పార్ట్ పేమెంట్ (కంతు కాక అసలులో కొంత ముందే కట్టేయడం) దగ్గర. పై లెక్కలోని లోనుకే రెండేళ్ళు పూర్తయ్యాక, చేతికొచ్చిన డీఏ బకాయిల్లోంచి రెండు లక్షలు కట్టారనుకుందాం. అప్పటికి బాకీ 38 లక్షల 34 వేలు. కౌంటర్లో అమ్మాయి నవ్వుతూ ఈఎంఐ తగ్గించమంటారా సార్ అని అడుగుతుంది. ఊఁ అంటే కంతు రూ. 1,811 తగ్గి, మిగిలిన 18 ఏళ్ళలో వడ్డీ సుమారు లక్షా తొంభై వేలు ఆదా అవుతుంది. వద్దు, నెలలు తగ్గించండి అంటే 24 కంతులు ఎగిరిపోయి, ఆదా ఆరు లక్షల నలభై వేలు దాటుతుంది. ఇచ్చింది అదే రెండు లక్షలు, కట్టింది అదే కౌంటర్లో. నాలుగున్నర లక్షల తేడా ఫారంలో ఒక టిక్కు దగ్గరుంది. ఆ టిక్కు మీకు తగలకుండా కొన్ని ఫారాల్లో ఈఎంఐ తగ్గింపునే ముందుగా నింపి పెడతారు, మీ పలుకుబడి అలాంటిది.

కాబట్టి దరఖాస్తులో నాలుగు ముక్కలు రాయడం మొదలుపెట్టాం: పార్ట్ పేమెంట్, అసలుకు జమ, ఈఎంఐ యథాతథం, టెన్యూర్ తగ్గించవలెను. రశీదు ముద్ర వేయించుకుంటున్నాం. ఇంత చాదస్తం ఎందుకంటే, యాప్‌లో ఊరికే లోన్ ఖాతాలోకి పంపిన డబ్బు కొన్నిచోట్ల ముందస్తు ఈఎంఐగా కూర్చుంటుంది. వచ్చే నెలల కంతులకు అట్టేపెడతారు, అసలు అంగుళం కదలదు. వారం తర్వాత కొత్త షెడ్యూల్ అడిగి జమ తారీఖు, మిగిలిన అసలు, మిగిలిన కంతులు సరిచూసుకోవాలి. వడ్డీ రోజువారీ బాకీ మీద వేస్తారా, నెలకోసారా అన్నదీ అడగాలి. రోజువారీ అయితే డబ్బు చేతికొచ్చిన నాడే కట్టాలి. నెలవారీ అయితే లెక్క కట్టే తేదీకి ముందు రోజైనా సరే, ఆ మర్నాడు కడితే నెల వడ్డీ నీళ్ళలో పోసినట్టే. పెనాల్టీ పడుతుందేమోనన్న భయం వద్దు. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు హోమ్‌లోన్ మీద ముందుగా కట్టినందుకు బ్యాంకులు రుసుము వేయకూడదని 2012లోనే రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. ఫిక్స్‌డ్ రేటు వాళ్ళు మాత్రం అగ్రిమెంట్ చదువుకోవాలి.

లక్షలు లేనివాళ్ళు మిమ్మల్నేం చేస్తారని ధీమాగా ఉండకండి. అదే 40 లక్షల లోను మీద మొదటి నెల నుంచి ఐదు వేలు అదనంగా కడితే మీరు 240 నుంచి 177కి వస్తారు. ఐదేళ్ళ మూడు నెలలు, దాదాపు 13 లక్షల వడ్డీ గాలికి పోతాయి. ఇంక్రిమెంట్ వచ్చినప్పుడల్లా, ఏడాదికి 5 శాతం చొప్పున కంతు పెంచుకుంటూ పోతే పన్నెండేళ్ళ మూడు నెలల్లో మీ కథ ముగుస్తుంది. ఏడాదికి ఒక్క కంతు ఎక్కువ కట్టినా మూడేళ్ళకు పైగా తెగ్గోస్తుంది.

ఆ ఐదు వేలు ఎక్కణ్ణుంచి వస్తాయంటే, టీలు మానేయమని చెప్పే సలహాదారులు మీ మనుషులేమోనని మా అనుమానం. టీ మానేస్తే తలనొప్పి వస్తుంది, అప్పు తీరదు. ఇంటిపద్దును కూల్చేది ఏడాదికోసారి వచ్చే బిల్లు. ఓ కుటుంబానికి జూన్‌లో స్కూలు ఫీజు 90 వేలు, ఇన్సూరెన్సుల్లో ఆరోగ్యానిది 28 వేలు, బండికీ కారుకీ 14 వేలు, ఇంటి పన్ను 6 వేలు, సంక్రాంతి బట్టలు, పెళ్ళిళ్ళ చదివింపులు కలిపి 42 వేలు అనుకుంటే లక్షా ఎనభై వేలు. నెలకు 15 వేలు. ఈ పదిహేను వేలు ఒకటో తారీఖునే వేరే ఖాతాలో పడాలి. పడని ఇంట్లో జనవరి నుంచి మే దాకా పార్ట్ పేమెంట్ల సంబరం, జూన్‌లో క్రెడిట్ కార్డు. కార్డు వడ్డీ నెలకు మూడు శాతం దాటుతుంది. ఎనిమిదిన్నర శాతం అప్పు తీర్చడానికి ఏడాదికి ముప్ఫై ఆరు పైచిలుకు శాతం అప్పు చేసేవాణ్ణి చూసి మీరెంత నవ్వుకుని ఉంటారో.

అది సర్దాక మిగతాది తేలిక. వారానికి రెండుసార్లు వచ్చే బిర్యానీ ఆర్డరు ఒకసారైతే, ఆర్డరుకు 450 చొప్పున నెలకు 1,800. కూరలు ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం రైతుబజార్లలో వారానికోసారి తెచ్చుకుంటే ఇంకొంత. ఎండాకాలం విశాఖ ఉక్కలో ఏసీ కట్టేయమనే పాపం మేం కట్టుకోం. కాకపోతే కరెంటు బిల్లులో 225 యూనిట్లు దాటినప్పటి నుంచి యూనిట్ ధర 6 రూపాయల నుంచి 8.75కి ఎక్కుతుంది, 60 యూనిట్లు తగ్గించుకుంటే రూ. 525. ఏసీ ఔట్‌డోర్ యూనిట్‌ను ఉప్పుగాలి తినేయకుండా ఏటా కడిగించడం కూడా ఈ పద్దులోదే. ఇంటి పన్ను ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే కడితే నగరపాలక సంస్థ జీవీఎంసీ ఇచ్చే 5 శాతం రాయితీ చిన్నదే గాని, వదులుకునేంత గొప్పవాళ్ళం కాము. జీతం పడిన నాడే ఐదు వేలు లోనుకు వెళ్ళేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టాలి. నెలాఖరున మిగిలితే కడదాం అనుకునేవాళ్ళకు ఏ నెలా మిగలదు, ఆ సంగతి మాకన్నా మీకే బాగా తెలుసు.

మిమ్మల్ని తరిమే ఆవేశంలో మేం చేసే తిక్కపనులూ ఉన్నాయి. పీఎఫ్ విరగ్గొట్టడం మొదటిది. 2024-25కి పీఎఫ్ వడ్డీ 8.25 శాతం, మామూలు ఉద్యోగికి దాని మీద పన్నూ లేదు. దాన్ని తీసి ఎనిమిదిన్నర అప్పులో పోయడం చిల్లర కోసం నోటు చించడమే. రెండోది చీటీ. ఐదు లక్షల చీటీని మొదటి నెలల్లోనే లక్షన్నర తోసి పాడుకుని, ఆ మూడున్నర లక్షలు లోనుకు కట్టినవాడు చీటీ పూర్తయ్యే దాకా దాని కంతులూ మోయాలి. మూడోది ఉన్నదంతా ఊడ్చి కట్టేయడం. లోనులో పోసిన డబ్బు వెనక్కి రాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి కిటికీ అద్దాలతో ఏం ఆడుకుందో చూసినవాళ్ళకు, ఆర్నెల్ల ఖర్చూ ఆర్నెల్ల ఈఎంఐలూ చేతిలో ఎందుకుండాలో చెప్పక్కర్లేదు. ఇంటి ఇన్సూరెన్సులో తుపాను, వరద ఉన్నాయో లేదో కూడా ఈ వారమే చూసుకోండని ఇరుగుపొరుగుకు చెప్తున్నాం.

మీ తరఫు వకీళ్ళు ఇంకా ఒక మాట అంటుంటారు: అప్పుంటే ఇన్‌కమ్ టాక్స్ కలిసొస్తుంది, ఎందుకు తీర్చడం అని. కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి మినహాయింపే లేదు. పాతదాంట్లో ఏడాదికి 2 లక్షల దాకానే. మన లోను మొదటి ఏడాది వడ్డీ 3 లక్షల 37 వేలు, అంటే లక్షా ముప్ఫై ఏడు వేలకు అక్కడా దిక్కు లేదు. ముప్ఫై శాతం శ్లాబువాడైనా రూపాయి వడ్డీ కట్టి ముప్ఫై ఒక్క పైసలు వెనక్కి తెచ్చుకుంటాడు. దాన్ని లాభమని పిలవడానికి చాలా చదువుకుని ఉండాలి.

సరే, మీ వీడ్కోలు ఏర్పాట్లు కూడా చెప్పేస్తాం. అప్పు పూర్తిగా తీరాలంటే ఎంత కట్టాలో చెప్పే ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్‌లో రోజుకెంత వడ్డీయో చూసి, గడువు తేదీలోపే కట్టేస్తాం. నాలుగు రూపాయలు మిగిలిపోయి ఖాతా మూతపడని కేసులున్నాయి. ఖాతాలోంచి కంతు దానంతటదే పోయేలా ఇచ్చిన నాచ్ మాండేట్ రద్దు చేయిస్తాం, లేకపోతే మీ చెల్లెలు అలవాటు కొద్దీ వచ్చే నెలా వస్తుంది. సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు, ప్లాన్ అన్నీ లోన్ ఇచ్చిననాటి జాబితాతో సరిచూసి తీసుకుంటాం. పూర్తిగా తీర్చిన 30 రోజుల్లో పత్రాలు చేతికివ్వాలి, వాళ్ళవల్ల ఆలస్యమైతే రోజుకు రూ. 5,000 పరిహారం. 2023 డిసెంబర్ నుంచి ఇది నిబంధన. తాకట్టు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరై ఉంటే దాని రద్దు కూడా అక్కడే రిజిస్టరు చేయించాలి. ఇది మరిచిపోయినవాళ్ళు పదేళ్ళ తర్వాత ఇల్లు అమ్మబోతే ఆస్తి మీది తాకట్టులు చూపే ఈసీ పత్రంలో మీ దయ్యం కనబడుతుంది. తాకట్టుల కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో బ్యాంకు తన హక్కు తీసేసిందా, అప్పుల చరిత్ర చూపే సిబిల్‌లో ఖాతా మూసినట్టు పడిందా అన్నవి రెండు నెలలాగి చూడాలి. పత్రాలు బ్యాంకులో భద్రంగా ఉంటాయని కావాలనే పదివేల బాకీ ఉంచుకునే పెద్దమనుషులు మా ఊళ్ళో కూడా ఉన్నారు. వాళ్ళకు లాకరు అద్దె ఎంతో చెప్పి చూశాం, వినలేదు. వాళ్ళని మీకే వదిలేస్తున్నాం.

ఇట్లు,
ఇంటిపద్దు రాసుకునేవాళ్ళం,
విశాఖపట్నం

తా.క.: మీరు వచ్చేటప్పుడు లోను మొత్తంలోనే కలిపి ఒక సింగిల్ ప్రీమియం ఇన్సూరెన్స్ పాలసీని వెంటబెట్టుకొచ్చారు. వెళ్ళేటప్పుడు దాన్ని పట్టుకెళ్ళకండి. గడువు మిగిలున్న పాలసీకి సరెండర్ కింద కొంత వస్తుందేమో కంపెనీని అడుగుతున్నాం. మీ మేనల్లుడు టాప్-అప్ లోన్ ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. నంబరు బ్లాక్ చేశాం, ఏమనుకోవద్దని చెప్పండి.