సిల్లీ మిస్టేక్ గారికి, పర్లాకిమిడి నుంచి

అయ్యా సిల్లీ మిస్టేక్ గారూ,

నమస్కారం. మీరు క్షేమంగానే ఉంటారని తెలుసు కాబట్టి అడగడం లేదు. లెక్కల పరీక్ష జరిగే ఏ ఊళ్ళోనైనా మీకు లోటుండదు. మా సంగతే కొంచెం టెన్షన్‌గా ఉంది. మా అమ్మాయి ఈ ఏడు మెట్రిక్ రాస్తోంది. కటక్‌లోని బోర్డు దాన్ని హైస్కూల్ సర్టిఫికెట్ పరీక్ష అంటుంది గానీ, మా ఇంట్లో తాతల నాడు మెట్రిక్ అన్నారు, మేమూ అదే అంటున్నాం. బీజగణితం ఒక పుస్తకం, జ్యామితి ఒక పుస్తకం, రెండూ ఒడియాలో. ఇంట్లో మాట్లాడేది తెలుగు. ట్యూషనేమో పాతపట్నంలో, అంటే మా ఒడిశా దాటి ఆంధ్రలో, సైకిలు మీద. ఇన్నింటి మధ్య మా ఇంటిల్లిపాదికీ తర్జుమా అక్కర్లేకుండా అర్థమయ్యే మాట మీ పేరొక్కటే.

మీకు తెలుగులో పేరెందుకు లేదా అని చాలాసార్లు ఆలోచించాను. మా చిన్నప్పుడు తప్పు ఉండేది, దాని పక్కనే మొట్టికాయ ఉండేది. ప్లస్ ఉన్నచోట మైనస్ వేస్తే "కళ్ళు నెత్తి మీదున్నాయా" అనేవారు మేష్టారు. అంటూనే నెత్తి మీద ఒకటి తగిలించేవారు, నిజంగా ఉన్నాయేమో తడిమి చూడ్డానికి కాబోలు. మీరు ఇంగ్లీషు పేరుతో దిగాక ఆ బాధ తీరింది. "వచ్చిన లెక్కే సార్, సిల్లీ మిస్టేక్" అంటే చాలు, ఎత్తిన చెయ్యి దిగిపోతుంది. తప్పు చేసింది పిల్లాడు కాదు, మీరు. ఊరి మీద పడి తిరుగుతూ ఎవరి పేపర్లోకో దూరి, ఒక మైనస్ గుర్తు జేబులో వేసుకుని వెళ్ళిపోయారు. పాపం, పిల్లాడేం చేస్తాడు!

నాది జిరాక్స్ షాపు. పరీక్షల ముందు గెస్ పేపర్లు, పాత ప్రశ్నపత్రాలు, ఫార్ములా చార్టులు అన్నీ నా మిషన్ మీదుగానే ఊళ్ళోకి వెళ్తాయి. ఒక స్టారుంటే ఇంపార్టెంట్, రెండుంటే వెరీ ఇంపార్టెంట్, మూడుంటే వేసినవాడికే నమ్మకం లేదని. కొందరు "బాగా చిన్నగా చెయ్యండి అంకుల్" అని వచ్చేవారు. ఎందుకని నేనడిగేవాణ్ణి కాదు, వాళ్ళూ చెప్పేవారు కాదు. ఇప్పుడు మానేశాను. ఒక కుర్రాడు త్రికోణమితి మొత్తం అగ్గిపెట్టెంత కాగితంలోకి కుదింపించుకుని, అందులో ఏముందో తనకే కనబడక, తిరిగొచ్చి డబ్బులిచ్చెయ్యమన్నాడు.

రిజల్ట్స్ వచ్చాక అదే కౌంటర్ మీదికి మార్కుల కాగితాలు వస్తాయి. అప్పుడు వినాలి మీ కీర్తి! "54 చూసి మావాణ్ణి తక్కువ అంచనా వెయ్యకండి, 90 రావాల్సింది, అన్నీ సిల్లీ మిస్టేకులే" అంటాడు తండ్రి. పక్కనే తల్లి, "లేదండి, 95" అని సవరిస్తుంది. మీరు పట్టుకుపోయిన మార్కులన్నీ ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చేస్తే, మా గజపతి జిల్లాలో నూటికి నూరు రానివాడు ఒక్కడూ మిగలడు. ఇన్ని మార్కులు మీరేం చేసుకుంటారండీ? ఎక్కడ దాస్తారు?

నేనూ మీ బాకీదారుణ్ణే. నాకు మెట్రిక్ లెక్కల్లో వందకి 38 వచ్చాయి. మిగిలిన 72 మార్కులూ మీరే పట్టుకుపోయారని మా నాన్నకి చెప్పాను, తర్వాత పెళ్ళిచూపుల్లో చెప్పాను, మొన్నటిదాకా మా అమ్మాయికీ చెబుతూ వచ్చాను. నిజం ఈ ఉత్తరంలో ఒప్పుకుంటాను. నేను రాసింది ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అంటే ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ అని. మధ్యలో టూ ఏబీ ఉంటుందని నాకు నిజంగానే తెలీదు. ఆ పాఠం రోజు నేను చిన్న రైల్లో ఉన్నాను. నౌపడా గుణుపురం లైను, అప్పటికింకా 1900లో మొదలైన నారోగేజీయే, నడక కూడా ఆ నాటిదే. రైలు పాతపట్నం చేరేసరికి టూ ఏబీ అయిపోయింది. ఆ తర్వాత దాన్ని నేనెప్పుడూ కలుసుకోలేదు. అందులో మీ తప్పేమీ లేదు.

మా ఊళ్ళో రాజావారి బడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పారు. చరిత్ర చెప్పారు, లెక్కలు కాదు. లెక్కలు చెప్పి ఉంటే నాలాంటి వాళ్ళ పేపర్లు వందలకొద్దీ దిద్ది, జనం నోట ఉన్నదే సరైన రూపం అని, టూ ఏబీ లేని ఫార్ములాని శిష్టవ్యవహారంలో చేర్పించి ఉండేవారేమో. మా దురదృష్టం.

ఇక్కడ మీతో ఒక తగువుంది. అన్నీ మీవే కాదు. కొన్ని ఈ నేలవి. మా ఆవిడది టెక్కలి వైపు. పెళ్ళయిన కొత్తలో ఒడియా అంకెలు నేనే నేర్పాను, చాళిశ అంటే నలభై అని. ఒకరోజు నేను బ్యాంకుకి వెళ్తే ఎవరో వచ్చి అణచాళిశ కాపీలు కావాలన్నారట. నలభై వినబడింది, దాని పక్కన ఇంకేదో వినబడింది, ఎందుకైనా మంచిదని 49 తీసి ఇచ్చింది. అణచాళిశ అంటే నలభైకి ఒకటి తక్కువ, 39. ఒడియాలో తొమ్మిదులు రాబోయే పదిని తలుచుకుని ఒకటి తగ్గించుకుంటాయి. మన తెలుగు తొమ్మిదులు వెనకటి పదినే పట్టుకుని కూర్చుంటాయి. "చాళిశంటే నలభై అని మీరే కదండీ చెప్పారు" అంది. నేనేమంటాను? పది కాపీలు పోయాయి. అది మీ ఖాతాలో రాయడానికి నాకు మనసొప్పలేదు.

అంకెల పేర్లతోనే ఇంత ఉంటే, అంకెలు రాసే తీరు ఇంకో కథ. ఒడియాలో నాలుగు రాస్తే, చూడ్డానికి మనం రోజూ రాసే ఎనిమిదిలా ఉంటుంది, పైన కాస్త నోరు తెరిచి. మా అమ్మాయి బడిలో ఒడియా అంకెలు వేస్తుంది, ట్యూషన్‌లో మామూలు అంకెలు వేస్తుంది, ఇంట్లో ఏ చెయ్యి ముందు లేస్తే అవి వేస్తుంది. మొన్న ఒక లెక్క: ఎక్స్ స్క్వేర్ మైనస్ ఐదు ఎక్స్ ప్లస్ నాలుగు ఈక్వల్స్ సున్నా. చిటికెలో తేలే లెక్క, జవాబు ఒకటి, నాలుగు. మొదటి వరుసలో చేతి అలవాటు కొద్దీ ఒడియా నాలుగు వేసింది. రెండో వరుసకి దిగేసరికి తను వేసిన నాలుగే తనకి ఎనిమిదై కనబడింది. అక్కడినుంచి ఒక్క తప్పు లేదు. వర్గ సమీకరణాలకి వాడే శ్రీధరాచార్యుడి సూత్రం పెట్టింది, 25లోంచి 32 తీసింది, మైనస్ 7 వచ్చింది, వర్గమూలం కింద మైనస్ కాబట్టి వాస్తవ మూలాలు లేవు అని రాసి, కింద స్కేలు పెట్టి రెండు గీతలు కొట్టింది. ఎంత ముచ్చటైన తప్పు! ట్యూషన్ మేష్టారు సున్నా వేసి పక్కన మీ పేరు రాశారు. మీరు ఆ దరిదాపుల్లో కూడా లేరని నేను సాక్ష్యం చెబుతాను.

ఆ మేష్టారే ఒక మాట చెబుతారు, ఈక్వల్స్ గుర్తు దాటితే ప్లస్ మైనస్ అవుతుంది, మైనస్ ప్లస్ అవుతుంది అని. పిల్లలందరూ తడబడేది అక్కడే. మా ఊరివాళ్ళకి ఇది పుట్టుకతోనే అర్థం కావాలి నిజానికి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం మద్రాసులో ఉండిపోయింది. (తేదీ చూసి నవ్వకండి. ఉత్కళ దివస్‌కి కలర్ ప్రింట్లు బాగా పోతాయి, నాకు పండగే.) మా తాత ఉన్న ఇల్లు ఉన్నచోటే ఉంది. గుర్తే జరిగింది. ఆయన బడిలో మొదటి భాషగా ఉన్న తెలుగు, నా నాటికి మైనస్ వైపుకి పోయింది. దాన్ని కూడా అప్పట్లో ఎవరో సర్వే కాగితం మీద తొందరలో చేశారని, మీరే కారణమని చెప్పే ముసలాయన ఒకరు మా వీధిలో ఉన్నారు. నేను ఆయనతో వాదించను. టీ ఇప్పిస్తాను.

అలాగని మిమ్మల్ని పూర్తిగా వెనకేసుకొస్తానని అనుకోకండి. మీరు చేసినవీ ఉన్నాయి. కొబ్బరిచెట్టు సంగతి చూడండి. చెట్టు మొదలుకి పది మీటర్ల దూరంలో నిలబడితే చెట్టు కొన 60 డిగ్రీల కోణంలో కనిపిస్తోంది, ఎత్తెంత? పదిని రూట్ మూడుతో, అంటే 1.732తో గుణించాలి. 17.32 మీటర్లు. మా అమ్మాయి చుక్క పెట్టడం మరిచిపోయింది. 1732 మీటర్లు అని రాసి, తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది. మా జిల్లాలో మహేంద్రగిరి ఉంది, 1,501 మీటర్లు. ఒడిశా మొత్తంలో ఎత్తయిన కొండ కోరాపుట్ వైపు దేవమాలి, 1,672. మా పిల్ల కొబ్బరిచెట్టు దేవమాలి కంటే 60 మీటర్లు పొడుగు. "కాయలెవరు దింపుతారే అమ్మా?" అని అడిగాను. "ప్రశ్నలో కాయలడగలేదు నాన్నా" అంది. పఠానీ సామంత అనే ఖగోళ పండితుడు వెదురు పుల్లలతో ఆకాశాన్ని కొలిచిన రాష్ట్రం ఇది. మా ఇంట్లో జామెట్రీ బాక్సుంది, రబ్బరుంది, రెండు కోణమానినులున్నాయి, లేనిది ఒక్క చుక్క. ఇది మీరు చేసిన పనే. ఒప్పుకోండి.

రెండు జవాబులు రావాల్సిన చోట ఒకటి రాసి వదిలెయ్యడం కూడా మీదేనంటారు. దానికి మా అమ్మాయి ఎదురు చెప్పింది, భాస్కరాచార్యుడు కూడా వదిలేశాడు కదా అని. నిజమే. కోతుల గుంపులో అయిదో వంతులోంచి మూడు తీసేసి, దాన్ని వర్గం చేస్తే అన్ని కోతులు గుహలోకి పోయాయి, ఒకటి మిగిలింది, మొత్తం ఎన్ని? 50 అన్నా సరిపోతుంది, 5 అన్నా సరిపోతుంది. ఆయన అయిదుని వద్దన్నాడు. అయిదులో అయిదో వంతు ఒకటి, ఒకట్లోంచి మూడు తీస్తే మైనస్ రెండు కోతులు, జనం ఒప్పుకోరు అన్నాడు. ఆయన రెండూ కనుక్కుని, ఒకదాన్ని కారణం చెప్పి పక్కన పెట్టాడు. నీకు రెండోది కనబడనే లేదు అన్నాను. కాసేపు పలకలేదు.

ఆ మర్నాడే ఆమె ఒక నోటుబుక్కు మొదలుపెట్టింది. నోటుబుక్కంటే నా షాపులో పాడైపోయిన కాపీలు, ఒకవైపు తెల్లగా ఉన్నవి, దారం వేసి కుట్టింది. పన్నెండు మోడల్ పేపర్లు రాసి, పోయిన మార్కుల్ని మూడు వరుసల్లో వేసింది. మొదటిది వచ్చి తప్పింది. రెండోది రాక తప్పింది. మూడోది బోర్డర్, అంటే నాలుగు ఎనిమిదైనవి. మొత్తం పోయినవి 146. బోర్డర్ ఖాతాలో 9. వచ్చి తప్పినవి 31. రాక తప్పినవి 106.

ఆ 106 చూసి ఇద్దరం మాట్లాడుకోలేదు. ఇన్నాళ్ళూ అవన్నీ మీ పేరు మీద తిరుగుతున్నాయి, ఎవరూ వాటి మొహం చూడలేదు. వృత్తానికి స్పర్శరేఖల సిద్ధాంతం నాలుగుసార్లు రాలేదు, నాలుగుసార్లూ "సిల్లీ" అని రాసి ఉంది, మేష్టారి చేత్తో కూడా ఒకసారి. ఆ మేష్టారు ఈ నెల నుంచి సిల్లీ మిస్టేకులు తగ్గించే స్పెషల్ బ్యాచ్ పెడుతున్నారు, ఫీజు వేరే. మీకు అందులో వాటా ఏమైనా ఉందా? లేకపోతే అడగండి, న్యాయంగా రావాలి.

ఈ ఉత్తరం షాపులో కంప్యూటర్ మీద కొట్టి, ప్రింటు తీసి, తప్పులు చూడమని మా అమ్మాయికి ఇచ్చాను. తెలుగు తప్పులు చూస్తుందనుకున్నాను. ఎర్రపెన్నుతో ఒకేచోట సున్నా చుట్టింది.

"నాన్నా, వందలోంచి 38 తీస్తే ఎంత?"

"అరవై రెండు."

"మరి 72 అని రాశావేటి?"

సిల్లీ అనబోయి ఆగిపోయాను. అప్పటికే కుట్టిన నోటుబుక్కు తెరిచి, కొత్త పేజీ మీద నా పేరు రాసి, పెన్ను పట్టుకుని కూర్చుంది. "ఏ వరుసలో వెయ్యమంటావు? వచ్చి తప్పిందా, రాక తప్పిందా?"

ఇంకా ఎదురుగానే కూర్చుని ఉంది. మీరు కాస్త వీలు చూసుకుని త్వరగా వస్తే బాగుంటుంది.

ఇట్లు,
మీ పాత బాకీదారుడు,
పర్లాకిమిడి